ఊగాల్సిన ఇరుసు

పొద్దున్నే షెడ్డులో గ్రైండర్ గీపెట్టింది. మామగారు చేతిలో కాఫీ గ్లాసుతోనే అటు నడిచారు. నర్సరీలో వాడే చిన్న ట్రాక్టర్ కింద కోడలు దూరి ఉంది. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

“ఏం చేస్తున్నావమ్మా అక్కడ?”

“ముందు చక్రాల ఇరుసుకి బలం పెడుతున్నా మామయ్యా. మట్టి ఎత్తడానికి బండి ముందు భాగంలో లోడర్ తొట్టి బిగించాలిగా. ఆ బరువుకి ఈ బక్క ఇరుసు వంగిపోతుంది.”

చూడకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు. మోకాళ్లు మొరాయిస్తున్నా కూర్చుని తొంగి చూశారు. ఇరుసు పొడవునా మందపాటి ఇనప పట్టీ అతికించి ఉంది. పనితనం ముచ్చటగానే ఉంది, కానీ మధ్యకి వచ్చేసరికి ఆయన భృకుటి ముడిపడింది.

“ఇదేంటి, మధ్య పిన్ను దగ్గర ఇరుసుని ఛాసీకి వెల్డింగ్ చేసేశావా?”

“అటూ ఇటూ ఊగుతుంటే వదులైందనుకున్నా.”

“కొంప ముంచావు! అది ఊగాలి తల్లీ. ఊగకపోతే గతుకులో ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, బరువంతా రెండోదాని మీదే పడుతుంది. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?”

కోడలు బయటికి వచ్చింది. ముఖమంతా మసి.

“అడిగితే మీరే దీని కింద పడుకుంటారు! మొన్న నడుం పట్టేసి మంచం దిగలేకపోయారు. నిన్న మళ్లీ మట్టి బస్తా మోశారు. నేను చూడలేదనుకున్నారా?”

“బస్తా కూడా మోయకపోతే ఈ ఇంట్లో నేనెందుకమ్మా? తిని కూర్చోడానికా? ఆ తొట్టి వచ్చాక నాతో ఎవరికి పని?”

కోడలి కోపం చప్పున చల్లారింది.

“తొట్టి మట్టి ఎత్తుతుంది సరే, మొక్క విరక్కుండా వరసల మధ్య బండి నడిపేదెవరు? నేనా? పోయినసారి నేను నడిపితే కంచె పడిపోయింది! ఆ సీటు చూడండి, ఎవరికోసం సర్దానో.”

ఆయన కాళ్లకి సరిపడేలా సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. నడుముకి ఆనేలా మెత్తటి దిండు కట్టి ఉంది. తనని పక్కన పెట్టడానికి కాదు, పదికాలాలు పక్కనే ఉంచుకోవడానికే ఈ పిల్ల ఇంత అవస్థ పడిందని ఆయనకి అప్పుడు తెలిసింది.

మధ్య అతుకు కోసేసరికి మధ్యాహ్నమైంది. ఆయన సీటెక్కి, ఒక చక్రాన్ని ఇటుక మీదికి నడిపారు. ఇరుసు ఒరిగింది, రెండో చక్రం నేల వదల్లేదు.

“ఇంకాస్త పెద్ద ఇటుక పెట్టమ్మా, చూద్దాం,” అన్నారు కళ్లు తుడుచుకుంటూ.