ఉప్పుదీవిలో దాగిన పాటలు

సముద్రం ఉప్పగా ఉన్నా దాని ఒడ్డున బతుకులు తియ్యగా సాగిన కాలంలో అలలకోట అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడ కోటగోడలు, ఏనుగులు చెప్పుకోదగ్గవేమీ లేవు. ఉన్నదల్లా ఒక పెద్దవల. పొద్దున్నే ఊరంతా తాడు పట్టుకుంటే ఒకరు పాట ఎత్తుకునేవాళ్ళు, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఆ ఊపులోనే వల ఒడ్డుకు వచ్చేది. పాట లేనిదే అది కదిలేది కాదు.

ఒక వానాకాలం స్పెయిను దేశపు ఓడ ఒకటి రాళ్ళకు కొట్టుకుని మునిగిపోయింది. ఇసబేల్ అనే ముసలావిడ ఒక్కతే బతికి ఒడ్డుకు చేరింది. ఊరివాళ్ళు జాలిగుండెవాళ్ళే. పూటపూటా అన్నం కుండ తెచ్చి ఇసుకలో పెట్టి వెళ్ళేవాళ్ళు. కానీ భాష రాదు కదా అని ఒక్కరూ ఆవిడ పక్కన కూర్చోలేదు. అన్నం పెట్టాం, ఇంకేం కావాలి అనుకున్నారు పాపం! ఆవిడ మంత్రాలు తెలిసిన మనిషి. ఒకరోజు కడుపు మండి, "నా పాట మీకు పట్టనప్పుడు మీకు మాత్రం పాటెందుకు?" అని తన భాషలో అరిచి, తీరంలోని పాటలన్నీ మూటగట్టుకుని సముద్రం నడుమ ఉన్న ఉప్పుదీవికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి పాడబోతే ఎవరికీ గొంతు పెగల్లేదు. తలోవైపు లాగేసరికి వల చిరిగింది. ఊళ్ళో పొయ్యిలు వెలగడం మానేశాయి. పాటలు తెస్తామని దీవికి వెళ్ళిన రాజకుమారులు ఒక్కరూ తిరిగి రాలేదు.

నూకాలు చేపలు ఎండబెట్టుకుని బతికే పిల్ల. నా అన్నవాళ్ళు లేరు. పసితనంలోనే పోయిన తల్లి జోలపాట ఒక్కటే ఆమెకు మిగిలింది. ఇప్పుడు అదీ నోటికి రాలేదు. తల్లి రెండోసారి పోయినట్టు వెక్కివెక్కి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఆ పాటను వెతుక్కుంటూ బయలుదేరింది.

మొగలిపొదల అడవి దాటాక, ఒకప్పుడు ఓడల్లో దేశాలు తిరిగిన సాధువు ఎదురయ్యాడు.

"ఒంటరిగా ఎక్కడికే గుంటా?"

"నానెప్పుడూ ఒంటిగానే ఉంటాను తాతా. ఇప్పుడు ఉప్పుదీవికెల్తన్నాను."

సాధువు ఆమెను కూర్చోబెట్టుకున్నాడు. "ఇసబేల్ భాషలో కంతార్ అంటే పాడడం. ఒకప్పుడు రోజూ పాడి ఇప్పుడు పాడకపోతే ఆ మాట తీరు మారుతుంది. నేనైతే యో కంతాబా. నువ్వైతే తూ కంతాబాస్. ఆమె అయితే ఎయ్యా కంతాబా. మనమైతే నోసోత్రాస్ కంతాబామోస్. అక్కడి గుమ్మాలు ఈ మాటలకే తెరుచుకుంటాయి. కానీ చెప్పేది నిజమై ఉండాలి. అబద్ధమాడితే ఉప్పుదిమ్మవైపోతావు."

నూకాలు తెప్ప ఎక్కి తెడ్డు వేస్తూ ఆ మాటలే వల్లె వేసుకుంది. చుట్టూ నీళ్ళు తప్ప బదులు పలికేవాళ్ళు లేరు.

దీవిలో గుహ ముందు ఉప్పుదిమ్మలైన రాకుమారులు నిలబడి ఉన్నారు. మొదటి గుమ్మం దగ్గర కొండంత పీత డెక్కలు చాచింది. "నీ సంగతి చెప్పు!"

"యో కంతాబా. సేపలు ఎండేసుకుంటా పాడేదాన్ని. ఇనేవోలు లేకపోయినా పాడేదాన్ని."

పీత పక్కకు తప్పుకుంది. రెండో గుమ్మం మీద రెక్కలు ఊడిన ముసలి పక్షి కూర్చుని ఉంది. "నా సంగతి చెప్పు చూద్దాం!"

నూకాలు దాని గొంతు గుర్తుపట్టింది. "తూ కంతాబాస్. తెల్లారగట్ల మా ఇంటి మీదుగా ఎగురుతా పాడేదానివి."

"ఎవరూ వినడం లేదనుకున్నానే తల్లీ!" అంటూ పక్షి కన్నీళ్ళు పెట్టుకుని దారి ఇచ్చింది.

మూడో గుమ్మం దగ్గర ఎవరూ లేరు. "ఇక్కడ లేనివాళ్ళ సంగతి చెప్పు" అని చీకటి అడిగింది. నూకాలు తల్లిని తలుచుకుంది. "ఎయ్యా కంతాబా. మాయమ్మ పాడేది." తలుపు మెల్లగా తెరుచుకుంది.

లోపల ఇసబేల్ తలుపు వేసిన గది ముందు కూర్చుని ఉంది. పాటలన్నీ ఆ గదిలో ఉన్నాయి. "ఇక మన సంగతి చెప్పు. నువ్వూ ఇంకొకరూ కలిసి పాడిన సంగతి" అంది. తీరాన ఉన్నన్నాళ్ళూ ఊరివాళ్ళు మాట్లాడుకునేది దూరం నుంచి వింటూ ఆవిడ ఆ కాస్త తెలుగు నేర్చుకుంది.

మాట నాలుక చివరే ఉంది. కానీ అది నిజం కాదు. తల్లి పాడేటప్పుడు నూకాలుకు మాటలే రావు. ఆ తరవాత ఆమె ఎవరితోనూ గొంతు కలపలేదు. వల తాడు దగ్గర కూడా తల్లిలేని పిల్లని వెనక్కి నెట్టేవాళ్ళు.

"నానెవులితోనూ పాడనేదు" అని నూకాలు తలవంచుకుంది.

ముసలావిడ గుమ్మం వైపు చెయ్యి చూపింది. "నిజం చెప్పావు కాబట్టి బతికావు. పో" అంది.

నూకాలు పోలేదు. ఎక్కడికని పోతుంది? ఆవిడ పక్కనే చతికిలబడి, "నీ పాటొకటి నేర్పవా?" అని అడిగింది.

ఆ గుహలో మాత్రం గొంతులు పలికేవి. పొయ్యి రాజేసినప్పుడల్లా ఇసబేల్ ఒక చరణం పాడేది, నూకాలు తప్పుల తడకగా అందుకునేది. ముసలావిడ పగలబడి నవ్వేది. అలా రుతువులు మారాయి. ఉన్నట్టుండి ఇసబేల్ జ్వరంతో మంచానపడింది. పాట ఆగిపోయింది. గంజి పట్టుకుని కూర్చున్న నూకాలుకు ఆ నిశ్శబ్దం భరించరానిదైంది.

"అవ్వా, లెగవే" అని ఏడ్చింది. "నోసోత్రాస్ కంతాబామోస్. మనిద్దరం రోజూ పాడుకునేవోలం కదే!"

అది నిజం. గది తలుపు భళ్ళున తెరుచుకుంది. పాటలన్నీ పక్షుల్లా ఎగిరి తీరానికి వెళ్ళిపోయాయి. జోలపాట ఒక్కటి నూకాలు పెదవుల మీద వాలింది. ఉప్పుదిమ్మలు కళ్ళు నులుముకుంటూ మనుషులయ్యాయి. కోపం పోయేసరికి ఇసబేల్ జ్వరమూ దిగింది.

నూకాలు ఆవిడను తెప్ప మీద ఇంటికి తీసుకొచ్చింది. పెద్దవల మళ్ళీ నిండింది. రాజు నూకాలును సభకు పిలిపించి, యువరాజుతో పెళ్ళి చేసి రాజ్యం అప్పగిస్తానన్నాడు. యువరాజు మంచివాడే, నూకాలుకు నచ్చాడు కూడా. అయినా ఆమె కాళ్ళు గుమ్మం వైపే లాగాయి.

"అలాగే మారాజా, ముహూర్తం పెట్టించండి. ఇప్పటికి మాత్రం సెలవిప్పించండి. పొద్దుగూకుతాంది, ఇంటికాడ మాయవ్వ నాకోసం ఎదురుసూత్తంటాది."

తన కోసం ఇంట్లో ఒకరు ఎదురుచూస్తుంటారని చెప్పడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.