ఎదుటి ఊరికి ముందు చెప్పాలి

ఉమామహేశ్వరికి సుక్రాం మీద మొదట కలిగింది కోపం. ప్రేమ కథల్లో ఇది మామూలే కదా అంటారేమో. మామూలే, కాదనను. కానీ ఈ కోపానికి కారణం ఒక వాగు.

భూహక్కుల నిపుణుల సంఘం బస్తర్ శాఖ నెలకోసారి, రెండో శనివారం, జగదల్‌పూర్‌లో ఒక అద్దె హాల్లో కూడుతుంది. సర్వేయర్లు, భూమి కేసుల వకీళ్లు, రిటైరైన పట్వారీలు, ఊళ్లలో హక్కుల కాగితాలు నడిపే కార్యకర్తలు, అంతా కలిపి ముప్పై అయిదు మంది. ఒకరు ప్రసంగిస్తారు, మిగిలినవాళ్లు సమోసాలు ఎప్పుడొస్తాయా అని తలుపు వైపు చూస్తుంటారు. ఆ జనవరిలో ప్రసంగం ఉమది. ఉపగ్రహాల సాయంతో హద్దులు కొలిచే కొత్త మిషన్ గురించి నలభై నిమిషాలు చెప్పి, బెత్తెడు తేడా కూడా రాదని ముగించింది. చప్పట్లు అయ్యాక వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

"మేడం, మా ఊరికి వాగే హద్దు. మా తాత కాలంలో ఆ వాగు ఒక తావున పారింది, ఇప్పుడు ఇంకో తావున పారుతున్నది. మీ మిషన్ ఏ వాగును కొలుస్తది?"

హాలంతా నవ్వింది. ఉమ నవ్వలేదు. ఉన్న వాగునే కొలుస్తుందనీ, లేని వాగును కొలిచే మిషన్ ఇంకా తయారవలేదనీ చురక అంటించింది. ఆ మాటకీ నవ్వారు. అడిగినవాడు మాత్రం, పాపం పిల్ల ఏం చేస్తుందిలే అన్నట్టు తలూపి కూర్చున్నాడు. కిరందుల్ బస్సెక్కి ఇల్లు చేరేదాకా ఆ తలూపుడే గుర్తొచ్చి ఉమకు ఒళ్లు మండింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని తెలుసు గానీ, సరిగ్గా తన ప్రసంగంలోనే తగలాలా?

శాఖ వాళ్లు ఏటా ఒక ఊరికి ఉచితంగా హద్దుల నక్షా తయారుచేసి ఇస్తారు. ఊరి అడవి మీద ఊరికే హక్కు కావాలని దావా వెయ్యాలంటే ఆ నక్షా ఉండి తీరాలి. ఆ ఏడు చీటీల్లో వచ్చిన ఊరు తర్రెం దాటాక లోపలికి ఉండే నెమలిగూడ. కొలిచే బాధ్యత పడింది ఉమ మీద. ఊరి తరఫున దగ్గరుండి చూపించాల్సిన మనిషి పేరు చూసి ఆమె కాగితం బల్ల మీద పెట్టేసింది. వెనక వరస సుక్రాం.

మార్చి నెలంతా ఇద్దరూ అడవిలో నడిచారు. సుక్రాం సేద్యం చేస్తాడు, బి.ఏ. చదివాడు, మూడేళ్లుగా ఊరి కాగితాలన్నీ అతనే చూస్తున్నాడు. ముసలివాళ్లతో దోర్లీ, గుట్ట మీదివాళ్లతో గోండీ, ఆఫీసుల్లో హిందీ, ఉమతో తెలుగు. మిషన్‌కి పన్నెండు ఉపగ్రహాలు కనిపిస్తే తప్ప పని మొదలవదని ఆమె చెబితే, మా నాయనమ్మకు ఒక్కటి కూడా అక్కర్లేదనేవాడు. ఆమె మూతి ముడిస్తే కొలత కర్ర భుజాన వేసుకుని ముందుకు పోయేవాడు. దారిలో ఏ గట్టుకి ఏ పేరో చెప్పేవాడు. ప్రతి రాయికీ ఒక పేరుండటం ఉమకు ఆశ్చర్యంగా ఉండేది.

ఆమె పుట్టి పెరిగింది కిరందుల్ కంపెనీ క్వార్టర్లలో. వాళ్ల నాన్న అనకాపల్లి వైపు నుంచి గని పనికి వచ్చాడు. మీదే ఊరు అని ఎవరైనా అడిగితే ఆమె ఎప్పుడూ ఒక్క క్షణం తడబడుతుంది. అనకాపల్లి అంటే అక్కడ తెలిసినవాళ్లు లేరు. కిరందుల్ అంటే నాన్న రిటైరైన నెలకే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఊళ్ల హద్దులు కొలిచే పిల్లకి సొంత ఊరంటూ లేదు. ఈ సంగతి ఆమె సుక్రాంకి ఒక మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పింది. అతను ఏ జోకూ వెయ్యకుండా విన్నాడు.

ఏప్రిల్ మొదట్లో ఒకరోజు అకాల వర్షం పట్టుకుంది. ఉన్నది ఒకే గొడుగు. సుక్రాం గొడుగు విప్పి తన వైపు వస్తుంటే ఉమ గుండె కొంచెం తొందరపడింది. అతను వచ్చి గొడుగును శ్రద్ధగా మిషన్ మీద పట్టాడు. ఉమ తేరుకుని ఆ గొడుగుకి రెండోవైపు నిలబడింది. మిషన్ పొడిగా, సుఖంగా ఉంది. ఇద్దరూ చెరోవైపు నిండా తడిసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ వాన వెలిశాక ఉమకు అతని మీద కోపం ఎంత వెతికినా దొరకలేదు.

చిక్కు ఆ మర్నాడే వచ్చింది.

నెమలిగూడకీ పక్క ఊరు వెదురుపారాకీ మధ్య హద్దు వాగు. ఎన్నడో వచ్చిన వరదకి వాగు దారి మార్చుకుని నెమలిగూడ వైపు జరిగింది. పాత వాగుకీ కొత్త వాగుకీ మధ్య కొంత నేల, అందులో ఏడు ఇప్పచెట్లు. పాత వాగే హద్దు, ఈ చెట్లు మావి అన్నాడు సుక్రాం. రుజువేమిటని ఉమ అడిగింది. మా పెద్దల మాటే అన్నాడు. మీ పెద్దలు మీకు కాకుండా ఎవరికి చెబుతారు అంది ఉమ, అనుకున్నదానికన్నా కటువుగా. వెదురుపారా వాళ్లని అడుగుదామంటే వాళ్లంతా ఇప్పపువ్వు ఏరుకోవడానికి అడవిలోకి పోయి ఉన్నారు. మీరు కొలుచుకోండి, తర్వాత చూసి సంతకం పెడతాం అని కబురు పంపారు. ఉమ ఇప్పుడు పారుతున్న వాగు వెంబడే గీత గీసింది. సుక్రాం ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు. ఆపైన మేడం అన్న పిలుపే తప్ప వేళాకోళం లేదు. అలిగాడని ఆమె అనుకుంది.

జూన్ రెండో వారానికి నక్షా సిద్ధమైంది. గురువారం జిల్లా కమిటీ కూర్చుంటుంది, ఆ లోపు నక్షా అందాలి. ఈసారి తప్పితే మళ్లీ ఏడాదికి గానీ కూర్చోదు. ఉమ సంతకం చెయ్యాల్సిన కాగితాల్లో చివరిది సంబంధ ప్రకటన. ఆ భూమి హక్కుదారుల్లో ఎవరితోనైనా బంధుత్వంగానీ, లావాదేవీగానీ, మమకారంగానీ ఉందా? అవును, లేదు అని రెండు గళ్లు. మమకారం అన్న మాట శాఖ అధ్యక్షురాలు గంగారత్నం గారు చేర్చారు. ముప్పై ఏళ్ల సర్వీసులో చుట్టరికం కన్నా మమకారమే నక్షాలను ఎక్కువ వంకర చెయ్యడం చూశానంటారావిడ.

ఉమ ఆ గళ్ల ముందు ఆదివారం పొద్దంతా కూర్చుంది. లేదు అని కొట్టేస్తే అడిగేవాళ్లు లేరు. సుక్రాంకే తెలియని సంగతి ఇంకెవరికి తెలుస్తుంది? కానీ రేపెప్పుడో బయటపడితే కంచే చేను మేసిందంటారు, నక్షా చెల్లదంటారు. అవును అని కొడితే అసలు ఇప్పుడే చెల్లకుండా పోవచ్చు. తన మనసు మూలంగా ఒక ఊరు మూడేళ్లు తిరిగిన తిరుగుడంతా వృథా అయితే సుక్రాం మొహం ఎలా చూడాలి? ఏడుపొచ్చింది. ఏడ్చింది. ఆ తర్వాత మొహం కడుక్కుని, గంగారత్నం గారి ఇంటికి వెళ్లింది.

ఆవిడ కళ్లజోడు తీసి, ఆ అబ్బాయికి తెలుసా అని అడిగారు. తెలీదంది ఉమ. పోనీ అతనికీ ఉందా అన్నారు. అదీ తెలీదంది.

"మరి ఎటూ తేలనిదానికి ఊరి పని ఆపుతావుటే?"

"నాకుంది కదండీ. గీత గీసింది నా చెయ్యే కదా."

గంగారత్నం గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత లేచి నిబంధనల పుస్తకం తెచ్చి చూపించారు. సర్వేయరుకి సంబంధం ఉన్నా నక్షా చెల్లే దారి ఒకటుంది. ఎదుటి ఊరివాళ్లకు సంగతి దాచకుండా చెప్పాలి. అంతా తెలిసి, హద్దు పొడుగునా నడిచి చూసి, వాళ్లు ఒప్పుకుంటే చెల్లుతుంది. ఒప్పుకోకపోతే వచ్చే ఏడు ఇంకొకరు మొదటినుంచీ కొలవాలి.

"ఎదుటి ఊరికి ముందు చెప్పాలి," అన్నారావిడ. "అబ్బాయికి ఎప్పుడు చెప్పుకుంటావో నీ ఇష్టం, దానికి నిబంధన లేదు."

మంగళవారం పొద్దున్నే ఉమ వాగు ఒడ్డున నిలబడింది. వెదురుపారా తరఫున దేవే అవ్వ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఆ ఊళ్లో ఆమె మాట దాటినవాళ్లు లేరు. నెమలిగూడ తరఫున రావాల్సింది సుక్రామే, వచ్చాడు. అతను లేనప్పుడు చెబుదామంటే వీలు లేదు, నడకలో రెండు ఊళ్లూ ఉండాలి. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఉమ నక్షా విప్పి పట్టుకుంది.

"అవ్వా, వేలిముద్ర వేసేముందు ఒక మాట వినాలి. ఈ నక్షా గీసింది నేను. ఈ సుక్రాం అంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకోవాలన్నంత ఇష్టం. అతనికి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. అందుకని మీరు నన్ను నమ్మకండి. నడిచి చూడండి."

సుక్రాం చేతిలో కొలత కర్ర పట్టుకుని ఉన్నాడు. ఆ కర్రా, అతనూ ఒక్కలాగే నిలబడిపోయారు. దేవే అవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పిల్లగానికి చెప్పకముందే నాకు చెప్తున్నవా?"

"మా సంఘం నిబంధన అవ్వా."

"మంచిగనే ఉన్నది మీ నిబంధన," అని అవ్వ చేతికర్ర ఊతంగా నడక మొదలుపెట్టింది.

నాలుగు కిలోమీటర్లు. వాన పెరిగింది. అవ్వ ప్రతి మలుపులో ఆగి, నేలనీ నక్షానీ చూసి, ఊఁ అని ముందుకు పోతోంది. సుక్రాం కొలత కర్ర భుజాన వేసుకుని, వెనక్కి తిరగకుండా నడుస్తున్నాడు. ఎరక్కపోయి ఇరుక్కున్నానా అని ఉమ వందసార్లు అనుకుంది. ఇప్పచెట్ల దగ్గరికి వచ్చాక అవ్వ ఆగి, నక్షాలో ఆ చోటు చూపించమంది. చూపించాక ఊఁ అనలేదు.

"ఈ చెట్లు మా దిక్కుకు ఎందుకు వచ్చినయి?"

వాగు హద్దు కాబట్టి, పారుతున్న వాగు వెంట గీశానని ఉమ చెప్పింది.

"వాగు తిరిగింది. చెట్లు తిరిగినయా?" అంది అవ్వ. "పువ్వు రాలే ముందు ఎవరి చెట్టు కింద ఆకు వాళ్లు ఊడ్చుకుంటరు. ఈ చెట్ల కింద మా అమ్మ ఏనాడూ ఊడ్వలే, నేను ఊడ్వలే. నెమలిగూడోళ్లే ఊడుస్తరు. ఇవి మావి కావు పిల్లా. మాకు ఎక్కువ ఇచ్చినవు."

ఉమ తడి నేల మీదే కూర్చుండిపోయింది. సుక్రాం వైపు మొగ్గుతానేమోనన్న భయంతో ఎదుటివైపు ఒరిగిపోయింది తను. రుజువు లేదని కాదు, ఎక్కడ దొరికిపోతుందోనని భయపడి వెతకలేదు. వెదురుపారా వాళ్లు అడవి నుంచి వచ్చేదాకా ఒక్క వారం ఆగితే తెలిసేది. అతనికి అన్యాయం చేసి, దాన్ని నిజాయితీ అనుకుంది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అవ్వ ఈసారి సుక్రాం మీదికి తిరిగి, మీ చెట్లు పోతుంటే నోట్లో ఏం పెట్టుకున్నవని కోప్పడింది.

"ఒకసారి చెప్పిన అవ్వా," అన్నాడు సుక్రాం. అతని చూపు నేల మీదే ఉంది. "రెండోసారి అడగబుద్ధి కాలే. ఆమె అంటే నాకు ఏమున్నదో నాకు తెలుసు. అదే నోటితో చెట్లు ఎట్ల అడగాలె? నా మొహం చూసి ఇచ్చిందంటే ఆ పువ్వు మా అమ్మ ఏరదు."

ఉమ తలెత్తింది. రెండు నెలలుగా అలకనుకున్నది అలక కాదు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ ఆపుకోలేదు.

అవ్వ నెత్తి కొట్టుకుంది. ఒకరిది ఒకరు తినకుండా చెట్లు నాకు పెడతారా, మీకు సంసారం ఎట్లా నడుస్తదో ఏమో అంది. ముందు గీత సరిచెయ్యమంది. ఉమ అక్కడే, సుక్రాం తువ్వాలు పట్టి వాన ఆపుతుంటే, పాత వాగు వెంట మళ్లీ కొలిచి గీత మార్చింది. సంబంధ ప్రకటనలో అవును గడిలో గుర్తు పెట్టింది. ఏం రాసినవని అవ్వ అడిగింది. ఇతని మీద నాకు మమకారం ఉందని రాశానంది ఉమ. దాని కింద దేవే అవ్వ బొటనవేలు గట్టిగా ఒత్తి, ముద్ర సరిగ్గా పడిందా లేదా అని ఇద్దరికీ చూపించింది.

గురువారం అయ్యాక మా అమ్మను తీసుకుని కిరందుల్ వస్తానని సుక్రాం మెల్లిగా అన్నాడు. మా అమ్మ సవాలక్ష అడుగుతుంది, ఓపిగ్గా చెప్పాలి అంది ఉమ. అలాగేనని అతను తలూపాడు.

ఉమ కాగితాలు సంచీలో పెట్టుకుని, వచ్చే ఏడు వెదురుపారా దావా కూడా తనే కొలిచి పెడతానని అవ్వకు మాటిచ్చింది. అవ్వ అడ్డంగా తల తిప్పింది.

"నువ్వు వద్దు. ఇంక మా రెండు ఊళ్ల కొలతకు నిన్ను రానియ్యం. వేరేవాళ్లను పంపమను. నువ్వు ఇప్పుడు ఈ ఊళ్ల మనిషివి."

ఆరేళ్ల ఉద్యోగంలో ఉమను పనికి వద్దన్నవాళ్లు వీళ్లే మొదలు. ఆమె అవ్వ చేతిని రెండు చేతులతో పట్టుకుని, సరే అవ్వా, వేరేవాళ్లనే పంపిస్తాను అంది.