మేడగది గుమ్మంలో ఆవిడ

ఆ బేకరీ మేడగదిలో ఒంటరిగా నడుం వాల్చకూడదని అక్కడ పనిచేసినవాళ్ళంతా చెబుతారు.

చూడ్డానికి అంత సుఖమైన చోటు ఇంకోటి ఉండదు. కింద ఓవెన్లు కాబట్టి ఎంత చలిలోనైనా నేల గోరువెచ్చగా ఉంటుంది. ఓ పక్క మైదా బస్తాలు, ఓ పక్క ఇనప మంచం, తల దగ్గర లైటు స్విచ్చి. వెనక సందులోకి దిగే మెట్లవైపు ఒక తలుపు... దాని గడియ ఎప్పుడో ఊడిపోయింది.

కన్ను అలా మూతపడగానే ఆ గుమ్మంలో ఒకావిడ నిలబడుతుందట. మొహం కనిపించదు. ద్వారబంధం పట్టుకుని, మెల్లగా— "కాస్త లోపలికి రానిస్తావా?" అంటుందట.

అంతే. ఇంకేమీ చెయ్యదు. కానీ పడుకున్నవాడికి కాలూ చెయ్యీ ఆడవు, నోరు పెగలదు. ఆవిడెవరో ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టే తలా ఒక కథ చెప్పేవాళ్ళు.

పిండి మేస్త్రికి మాత్రం ఆ గది తప్పదు. పిండి కలిపి తొట్టిలో వేసి మూతపెట్టాక, అది పొంగేదాకా అతనికి పనుండదు. ఆ వ్యవధిలోనే కునుకు తియ్యాలి, పొంగగానే లేవాలి. లేవకపోతే పిండి పులిసి కూలిపోతుంది. ఇక అది పోస్టర్లు అంటించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

అలా రెండుసార్లు జరిగింది. పైన ఆవిడ నిలబడటం, ఇతగాడు కొయ్యబారిపోవడం, కింద పిండి పాడైపోవడం. "ఇంకోసారి జరిగిందంటే పిండితోపాటు నువ్వూ బయటికే," అన్నాడు ఓనరు.

ఉద్యోగం పోతే తన ఒక్కడికే అయితే ఏదోలా బతికేసేవాడు. కానీ అక్క ఉంది. తల్లి పోయాక ఆ అక్కే తల్లయి పెంచింది. బావకి చెయ్యి ఊరుకోదు. అక్క చెంప కమిలి కనిపించినప్పుడల్లా తలుపు తగిలిందంటుంది. ఆ ఇంట్లో తలుపులకి అంత పగేంటో మరి!

"ఓ రెండు నెలలు ఓర్చుకో అక్కా. చిన్న వాటా చూస్తున్నా, ఇద్దరం ఉండొచ్చు," అన్నాడు మేస్త్రి. "ఈలోగా మరీ ఉండలేకపోతే వచ్చెయ్. అర్ధరాత్రైనా సరే. వెనక మెట్లెక్కితే నా గదే."

"నిన్ను లేపడం కంటే మీ బావ చేత తన్నులు తినడమే సులువురా," అని నవ్వింది అక్క. మేస్త్రికి నవ్వు రాలేదు.

మందు చెప్పింది కేకులమీద పువ్వులు వేసే క్రీము బాబాయి. ఆయన రోజూ రాత్రి కలలో పడవ నడుపుతాడట, అదీ తను అనుకున్న ఏటిలోనే. మిగతావాళ్ళు ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు. మేస్త్రి మాత్రం ఆ రోజు స్టూలు జరుపుకుని పక్కన కూర్చున్నాడు.

"అది దెయ్యం కాదురా అబ్బాయ్, కల," అన్నాడు బాబాయి, గులాబీ రేకు తిప్పుతూ. "కలలో ఉన్నప్పుడు ఇది కల అని తెలిసిందనుకో, ఇక నీదే రాజ్యం. నువ్వు కూర్చోమంటే కూర్చుంటుంది, పొమ్మంటే పోతుంది."

"తెలిసేదెలా బాబాయ్?"

"స్విచ్చి నొక్కు. కలలో లైటు మాట వినదు. వెలగలేదా— అది కలే. కానీ పొద్దస్తమానం నొక్కుతూ ఉండాలి. మెలకువలో అలవాటైతేనే కలలో చెయ్యి దానంతటది పోతుంది."

ఆ రోజు నుంచి మేస్త్రికి అదే పని. కనిపించిన స్విచ్చినల్లా నొక్కి, 'ఇది కలా?' అనుకోవడం. అక్క ఇంట్లోనూ నొక్కాడు. "నీకేమైనా పిచ్చి పట్టిందేంట్రా!" అని తల మీద మొట్టింది.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక రాత్రి, గుమ్మంలో ఆవిడ నిలబడి ఉండగా... చెయ్యి కదిలింది! తల వెనకున్న స్విచ్చి దాకా వెళ్ళింది. టిక్కుమంది. లైటు వెలగలేదు.

"నువ్వు కలవి," అన్నాడు. గొంతు కూడా వచ్చింది. "పో."

పోయింది! మేస్త్రి సరిగ్గా పిండి పొంగే వేళకి లేచాడు. ఆ మర్నాడూ అంతే, ఆ వారమంతా అంతే. ఓనరు పిలిచి మరీ మెచ్చుకున్నాడు. చిన్న వాటా ఒకటి కుదిరింది, ఒకటో తారీఖున చేరొచ్చన్నారు. అక్కకి ఆదివారం వెళ్ళి చెబుదామనుకున్నాడు.

శనివారం రాత్రి పిండి కలిపి, మూతపెట్టి, పైకెక్కాడు. మెట్లవైపు తలుపు దగ్గరగా వేసి, చీకట్లోనే వెళ్ళి మంచం మీద పడ్డాడు. పడ్డవాడికి పడ్డట్టే నిద్ర పట్టేసింది.

కిర్రుమంది తలుపు...

కళ్ళు తెరిచాడు. గుమ్మంలో ఆవిడ. ద్వారబంధం పట్టుకుని, ఆయాసపడుతూ.

"ఒరేయ్ తమ్ముడూ... లేవరా. కాస్త లోపలికి రానీ."

అక్క గొంతు! మేస్త్రి లేవబోయాడు. కానీ ఈపాటికి రాటుదేలిన మనిషి కదా... తొందరపడలేదు. చెయ్యి తల వెనక్కి పోయింది. నొక్కాడు. చీకటే. మళ్ళీ నొక్కాడు. చీకటే.

నవ్వొచ్చింది. ఓహో, ఇప్పుడు అక్క వేషం కట్టావా!

"నువ్వెవరో నాకు తెలుసులే," అన్నాడు. "పో ఇక్కణ్ణించి."

"నేనురా..."

"పొమ్మన్నానా! మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే ఊరుకోను."

ఆవిడ ద్వారబంధం వదిలేసింది. తర్వాత వెనక్కి తిరిగి మెట్లు దిగింది. చెప్పుల చప్పుడు కూడా ఎంత బాగా వినిపిస్తోందో అనుకుంటూ మేస్త్రి అటు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి పట్టినంత హాయైన నిద్ర అతనికి ఎన్నడూ పట్టలేదు.

పిండి చక్కగా పొంగింది. మేస్త్రి ఈల వేసుకుంటూ కిందికి దిగాడు.

"పైన చీకట్లో ఇబ్బందేమీ కాలేదు కదా మేస్త్రీ?" అన్నాడు ఓవెన్ దగ్గరి మనిషి. "ఇక్కడి బల్బు మాడిపోయింది. సాయంత్రం నీ గదిది విప్పి ఇక్కడ పెట్టాను. చెప్పడం మర్చిపోయా."

మేస్త్రి తలెత్తి ఆ బల్బుకేసి చూశాడు.

ఆ తర్వాత బేకరీలోంచి ఎలా బయటపడ్డాడో, సందులు ఎలా దాటాడో అతనికే తెలీదు. ఒంటినిండా మైదాతో బావ ఇంటి తలుపు బాదాడు. బావ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"ఇక్కడేం వెతుకుతావ్? నీ దగ్గరికేగా పోయింది రాత్రి! తమ్ముడున్నాడు, వాడుంటే చాలు నాకు అంటూ పెద్ద గొప్పగా చెప్పి మరీ పోయింది."

వెతికాడు. బస్టాండు, రైల్వే స్టేషను, ఆసుపత్రులు, తెలిసినవాళ్ళ ఇళ్ళు... అడగని మనిషి లేడు. పోలీసులు ఫొటో తీసుకున్నారు. క్రీము బాబాయి పని మానేసి అతని వెంట తిరిగాడు, తిరిగినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు. అక్కని చూసినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

మేస్త్రి ఇప్పటికీ ఆ మంచం మీదే పడుకుంటాడు. తలుపు బార్లా తెరిచి పెడతాడు. కలలోకైనా ఒక్కసారి వస్తే కాళ్ళు పట్టుకుని లోపలికి తెచ్చుకుందామని నేర్చుకున్న విద్యంతా వాడి చూశాడు. రాదు. అక్క సంగతి అటుంచి, అసలు అతనికి కలలే రావు.

వేరేవాళ్ళకి మాత్రం ఆవిడ కనిపిస్తుంది. మొన్న కొత్తగా చేరిన ప్యాకింగతను, ఎవరూ ఏమీ చెప్పకముందే ఆ గదిలో నడుం వాల్చి, చెమటలు కక్కుకుంటూ కిందికి వచ్చాడు. గుమ్మంలో ఎవరో ఆవిడ నిలబడిందట. లోపలికి రానిమ్మని అడగలేదట.

"మరి... ఏమంది?" అన్నాడు మేస్త్రి. పిండిలో చేతులు అలాగే ఆగిపోయాయి.

"'మా తమ్ముడు లేచాడా?' అంది."

మేస్త్రి అతని రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"లేచాడని చెప్పావా? చెప్పావా నువ్వు?"

ఆ మనిషి బిక్కమొహం వేశాడు.

"నోరు పెగిల్తే కదా మేస్త్రీ..."