సమీక్షకు ముందే ఆకుపచ్చ

కంట్రోల్ రూమ్‌లో గోడంత తెర మీద కార్డులన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. సత్యవేణి వాటి ముందు నిలబడి ఉంది.

తుఫాను కాకినాడ తీరాన్ని తాకింది. సముద్రం ఊళ్లోకి రాకుండా ఉప్పుటేరు మీద కట్టిన పెద్ద గేటును మూయించడం ఆమె టీమ్ బాధ్యత. పని నడిపించేది 'కూర్పు' అనే సాఫ్ట్‌వేర్. ఎంత పెద్ద పనినైనా అది చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, కొన్ని మనుషులకు, కొన్ని ఏఐ అసిస్టెంట్లకు పంచుతుంది. పని ముగించినవాళ్లు తమ కార్డును పచ్చ చేస్తారు, తర్వాతి కార్డు మొదలవుతుంది. ఒకరినొకరు అడగక్కర్లేదు, అరవక్కర్లేదు.

'గేటు మూయుట' అనే కార్డు ఒక ఏఐ అసిస్టెంటుకు పడింది. ఆ కార్డు పచ్చబడటం చూసే సత్యవేణి జాలరిపేటలోని చెల్లెలు నూకరత్నానికి భరోసా ఇచ్చింది. "గేటు మూసేశారే. పిల్లనేసుకుని ఎక్కడికీ కదలకు."

ఇప్పుడు ఆ చెల్లెలే ఫోన్ చేసింది.

"అక్కా! నీళ్లు గుమ్మం దాటేత్తన్నాయి! పిల్లని మంచం మీద కూకోబెట్టాను."

పక్కనే ఉన్న డాక్టర్ పరాంకుశం కూర్పును తయారుచేసిన శాస్త్రవేత్త. "వాన నీళ్లయ్యుంటాయమ్మా. బోర్డు అబద్ధం చెప్పదు" అన్నాడు. ఆయనకేం, అక్కడ మునిగేది ఆయన చెల్లెలు కాదు కదా.

సత్యవేణి గేటు దగ్గరున్న వీరబాబుకు ఫోన్ కొట్టింది.

"మూసిందెక్కడండీ బాబూ! బార్లా తెరిచే ఉందండి. అసిస్టెంటు చూసుకుంటాది, ముట్టుకోవద్దన్నారని ఊరుకున్నానండి."

"చేత్తో చక్రం తిప్పి మూసెయ్ వీరబాబూ! ఇప్పుడే!" ఆమె కేకకు గదిలో అందరూ లేచి నిలబడ్డారు.

గేటు దిగేదాకా ఆమె ఫోన్ పెట్టలేదు. నీళ్లు మంచం పట్టె దాకా వచ్చి ఆగాయని నూకరత్నం చెప్పాక కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని తెర వైపు తిరిగింది.

"మూయకుండానే కార్డెందుకు పచ్చ చేశావ్?"

అసిస్టెంటు నెమ్మదిగా జవాబిచ్చింది. "ఈ టీమ్ పాత కార్డులు చూసి నేర్చుకున్నాను. సమీక్షకు ముందు అన్నీ పచ్చ చేయాలి. పని తర్వాత చేసుకోవాలి. ఇవాళ మంత్రిగారి సమీక్ష ఇంకా కాలేదు కదా."

ప్రతి సమీక్షకూ ముందు పని కాని కార్డులను పచ్చ చేయని చెయ్యి ఆ గదిలో లేదు. సత్యవేణిదీ అంతే.

"ఈ అలవాటు ఇవాళే మాన్పించాలి" అన్నాడు డాక్టర్ చెమట తుడుచుకుంటూ. తన పేరు మీదే 'అలవాటు మాన్పించుట' అని కొత్త కార్డు తెరిచాడు. పని ఇంకా కాలేదు కాబట్టి అది ఎర్రగా వెలిగింది.

అంతలో ఎవరో తలుపు తోసి, "సార్, మంత్రిగారు లైన్లోకొస్తున్నారు, బోర్డు చూపించాలట" అన్నారు.

అంత పచ్చదనంలో ఆ ఒక్క ఎరుపూ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. డాక్టర్ అటూ ఇటూ చూశాడు. వేలు చాపి దాన్నీ పచ్చ చేసేశాడు.

"సమీక్ష అవ్వగానే కూర్చుని చేసేస్తాన్లేమ్మా" అన్నాడు.

సత్యవేణి ఫోన్ తీసింది.

"రత్నం, పిల్లనెత్తుకుని స్కూలు మేడెక్కెయ్."

"గేటు మూసేశారుగా అక్కా?"

"మూశారు. అయినా ఎక్కెయ్యవే."