లప్పం కింద నంబరు

పొద్దున్నే రిజిస్ట్రేషన్ ఆఫీసులో బండి తనిఖీ. చిట్టి కాఫీ కూడా తాగకుండా వాకిట్లో మోటార్‌సైకిల్ తుడుస్తోంది. మొగుడి దెబ్బలకు తాళలేక పరాయి దేశం నుంచి పుట్టింటికి వచ్చేసినప్పుడు, తన కష్టార్జితంలో మిగిలింది ఆ బండి ఒక్కటే. దానికి ఇక్కడి నంబరు వస్తే కొరియర్ ఉద్యోగం ఖాయం. రావాలంటే హ్యాండిల్ కింద ఇనుములో చెక్కిన ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోవాలి.

గుడ్డ అక్కడికి వెళ్లేసరికి చెయ్యి ఆగిపోయింది. నున్నగా ఉంది. ఒక్క అంకె లేదు.

"ఒరేయ్!"

కార్లకు రంగులేసే తమ్ముడు నవ్వుతూ వచ్చాడు. "ఎలా ఉందక్కా? నిన్న నువ్వు బజారుకెళ్లినప్పుడు రంగు కొట్టా. అక్కడేవో గాట్లుంటే పూడ్చేశా."

గాటు కనిపిస్తే వాడి చెయ్యి ఊరుకోదు మరి!

"అవి గాట్లా? బండి నంబరురా అది! దొంగబండని లాక్కుపోతారు. నా నోటి దగ్గర కూడు పడగొట్టావు కదరా!"

కింద ఉన్న పానా ఎప్పుడు చేతికొచ్చిందో ఆమెకే తెలియదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి వాడు ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక పటుక్కుమంది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి పట్టుకోబోయిన అమ్మ, చిట్టి మోచెయ్యి తగిలి గోడకు గుద్దుకుంది. పెదవి చిట్లి రక్తం కారింది. చిట్టి పానా మళ్లీ ఎత్తింది.

తమ్ముడు పారిపోలేదు. తలను చేత్తో కప్పుకుని మూలకు ముడుచుకున్నాడు.

అలాంటి మూల ఆమెకు తెలుసు. అలా ముడుచుకోవడమూ తెలుసు. పానా జారి పడిపోయింది.

"అమ్మా, నేనూ నా మొగుడిలాగే అయిపోయానే!"

"ఏడుపు తర్వాత," అంది అమ్మ, కొంగుతో పెదవి అదుముకుంటూ. "ముందు వాడి చెయ్యి చూడు."

"అక్కా, నంబరు అరగదీయలేదే," తమ్ముడు మూలిగాడు. "లప్పం పెట్టి రంగేశా, అంతే. గీకితే వచ్చేస్తుంది. చెప్పనిచ్చావా?"

"తనిఖీ గంగలో కలవనీ. ఆసుపత్రికి పద," అంది చిట్టి.

"ఆ బండి మీద మాత్రం రాను. నంబరు లేదు దానికి."

అంత నొప్పిలోనూ వాడి వేళాకోళం వాడిదే. చిట్టికి దుఃఖం పొంగుకొచ్చింది.

సాయంత్రం వాడు చేతికి కట్టుతో బండి దగ్గర కూర్చున్నాడు. లప్పం గీకడానికి చిట్టి రేకు అందుకోగానే వాడి భుజం ఉలిక్కిపడింది. వాడు చూడనట్టే తల తిప్పుకున్నాడు గానీ, ఆమె చూసింది. చచ్చిపోదామన్నంత సిగ్గేసింది.

రేకు మెల్లగా వాడి కుడిచేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్లి నేలమీద కూర్చుంది.

"నువ్వే గీకురా. నువ్వు రమ్మన్నప్పుడే దగ్గరకొస్తా."

పెళ్లలు రాలాయి. మొదటి అంకె బయటపడింది.

"రావే," అన్నాడు తమ్ముడు, ఏడుపుగొంతుతో. "వచ్చి బండి కదలకుండా పట్టుకో."