నీలం ఇంటి వసారాలో కన్ను

మలేషియాలోని పెనాంగ్‌లో, రేవు వెనకాల సందులో, ఒకదాని భుజం ఒకటి పట్టుకుని నిలబడ్డట్టు ఒక వరస ఇళ్లున్నాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ముందు వసారా మాత్రం అందరిదీ — ఈ చివర ఎక్కితే వానలో తడవకుండా ఆ చివర దిగొచ్చు.

చీకటి పడ్డాక మాత్రం ఎవరూ అలా నడవరు. మధ్యలో నీలం ఇల్లుంది. ఏళ్ల తరబడి మూతపడి ఉంది. దాని వసారాలో నిలబడి తలెత్తితే... కప్పులోంచి ఒక కన్ను చూస్తుందట.

ఈ కథకి బాగా ప్రచారం తెచ్చింది సూఫెన్. నీలం ఇంటి పక్కిల్లు లీజుకి తీసుకుని, బాగుచేసి, అతిథిగృహం పెట్టింది. పాతికేళ్ల పిల్ల, మహా చురుకు. దెయ్యం కథ మొదలుపెట్టాక గదులు ఖాళీ ఉండటం లేదని లెక్కేసి మరీ చెప్పేది. రోజూ భోజనాలయ్యాక అతిథుల్ని వెంటబెట్టుకుని వెళ్లి, వేలు పైకి చూపించేది.

ఆ రాత్రి వాన. కరెంటు లేదు.

"అక్కా, ఇవాళ దెయ్యం సెలవు పెట్టిందేమో!" ఒక కుర్రాడు నవ్వాడు.

"ష్... పైకి చూడండి."

చూశారు. కప్పు చెక్కల మధ్య ఏదో కదిలింది... అరచేతంత నలుపు తెరుచుకుంది... అందులో తడిగా, మెరుస్తూ — కన్ను!

కుర్రాడే అందరికంటే ముందు పరిగెత్తాడు. సూఫెన్ ఒక్కతే మిగిలింది.

"నువ్వు కూడా పోకమ్మా..." పైనుంచి గుసగుస.

"ఎ... ఎవరు?"

"ఇంకెవరు? ఇంటిదాన్ని. నా పేరు గెక్ నియో."

సూఫెన్ ఒళ్లు చల్లబడింది. భయంతో కాదు. ఆ కన్నం ఏమిటో ఆమెకి తెలుసు. ఈ వరసలో ప్రతి ఇంటికీ ఉంటుంది — కింద తలుపు కొట్టిందెవరో మేడ మీది నుంచి చూసుకోవడానికి, నేల చెక్కలో చిన్న మూత. తన ఇంట్లో దాన్ని మేకులు కొట్టి మూయించింది తనే.

"కాలు విరిగాక మెట్లు దిగలేకపోతున్నా. వెనక సందులో నూడుల్స్ బండివాడు బుట్టలో అన్నీ పెడతాడు, తాడుతో లాక్కుంటా. ముందువైపు మనుషులంటే ఈ కన్నమే నాకు."

"అమ్మమ్మా... మరి ఇన్నాళ్లూ పిలవలేదేం?"

"ఎవరాగారు పిలిస్తే? నువ్వొక్కదానివే రోజూ వచ్చి, నవ్వుతూ నన్ను నలుగురికీ చూపించేదానివి. ఈ పిల్లకి నేనున్నానని తెలుసు, రేపో మాపో పైకొస్తుంది అనుకున్నా."

సూఫెన్ ఆ కన్నానికి సరిగ్గా కిందికి జరిగింది.

"మనిద్దరి మధ్య గోడ సంగతి చెబుదామనే ఎదురుచూశా. నువ్వు మరమ్మతు చేయించినప్పటినుంచీ నా వైపు నీళ్లు కారుతున్నాయి. దూలాల కొనలు పుచ్చిపోయాయి. మంచం కిటికీ దాకా లాక్కున్నా... ఇంక లాక్కోడానికి చోటు లేదు."

పాత గోడకి సున్నం గారే వేయాలి. గోడ ఊపిరి పీల్చుకోవాలి. ఆ సంగతీ సూఫెన్‌కి తెలుసు. సున్నం ఆరేదాకా ఆగలేక, తన వైపంతా సిమెంటు మెత్తించింది. బయటికి దారిలేని తడి పక్కింటికి పోయింది. ఉమ్మడి గోడ మీద చెయ్యి వేసేముందు నారింజపళ్లు పట్టుకెళ్లి పక్కింటివాళ్లకి చెప్పడం అక్కడి మర్యాద. పక్కింట్లో ఉన్నది దెయ్యమేగా... దానికెవరు చెబుతారు?

తెల్లారేసరికి అతిథిగృహం తలుపుకి 'మూసివేశాం' అన్న పలక వేలాడింది. లోపల పనివాళ్లు సిమెంటు పెళ్లగిస్తున్నారు. వసారాలో సూఫెన్ నారింజపళ్లతో నిలబడి నీలం తలుపు తట్టింది.

పైన మూత జరిగింది. దారానికి కట్టిన తాళంచెవి మెల్లగా దిగి, ఆమె కళ్లముందు ఊగుతూ ఆగింది.

"ఎవరూ? కాస్త ముఖం పైకెత్తమ్మా, కనిపించట్లేదు."

ఎంతమంది చేతనో అక్కడ తలెత్తించిన పిల్ల... తను ఎత్తలేకపోయింది.