నాలుగు సెకన్ల చూపు

వెన్నెలపాడులో ఆరో నంబరు గాలిగేటు దాటి రోజూ మూడు వందల మంది గనుల్లో పనికి వెళ్తారు. చంద్రుడి మీద ఊరు కట్టి ముప్పై ఏళ్లవుతున్నా, లోపలి గాలి బయటికి పోకుండా ఆపేది మాత్రం పాతకాలపు రబ్బరు వాషర్లే. గేటుకు ఇరవై నాలుగు. ఆరో గేటులో తొమ్మిదోది చీలుతోందని కృత్తికకు రెండు నెలలుగా తెలుసు. గేటు మూయించండి మహాప్రభో అని కనపడిన ప్రతి అధికారికీ మొరపెట్టుకుంది. "మీ సంస్థకు గుర్తింపు ఉందా?" అన్నారు ప్రతివాళ్లూ. లేదు. గుర్తింపు ఉన్న సంస్థ ఒకటి కిందటి నెలే వచ్చి, గేటు భేషుగ్గా ఉందని సంతకం పెట్టి పోయింది.

ఇరవై రెండేళ్లు ఒకరి దగ్గర తనిఖీలు చేసి, విసిగి, కృత్తిక సొంత సంస్థ పెట్టుకుంది. అసలు తంటా అక్కడే మొదలైంది. గుర్తింపు కావాలంటే సంస్థ తనిఖీ చేసి చూపించాలి. తనిఖీ చేయాలంటే గుర్తింపు ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఆమె కాళ్లరిగేలా తిరిగాక, ఆఫీసులో ఉన్న నమూనా గేటు మీద చేసి చూపిస్తే చాలన్నారు.

వెనకటికి గుర్తింపు ఇవ్వడానికి మనుషులు వచ్చేవారు. కాఫీలు తాగి, శాలువాలు కప్పించుకుని, పోతూ పోతూ సంతకం గీకేవారు. ఆ బాధ వదిలించడానికే డాక్టర్ ఇస్మాయిల్ 'ప్రమాణి' అనే యంత్రాన్ని తయారుచేశాడు. అది ముందు సంస్థ కాగితాలు చదువుతుంది. తర్వాత తనిఖీదారు కళ్లకు 'చూపుమాపకం' అనే కళ్లద్దాలు తగిలిస్తుంది. కనుపాప ఎటు కదిలింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది కొలిచి, పని తెలిసిన చూపేదో పని తెలియని చూపేదో తేల్చేస్తుంది. దానికి కాఫీ అక్కర్లేదు, శాలువా అసలే అక్కర్లేదు.

కృత్తికను అది అప్పటికే రెండుసార్లు తిప్పి పంపింది. మొదటిసారి, సంస్థ పేరు ఒకచోట 'నిక్కచ్చి' అనీ మరోచోట 'నిఖ్ఖచ్చి' అనీ పడినందుకు. రెండోసారి, ఆమె మేనమామ కొడుకు రబ్బరు దుకాణంలో పనిచేస్తున్నాడు కాబట్టి నిష్పాక్షికత మీద సందేహమట. మూడోసారికి కాగితాలు గట్టెక్కాయి. నమూనా గేటు తనిఖీ కూడా అయింది.

"తిరస్కరిస్తున్నాను" అంది ప్రమాణి ఎంతో మర్యాదగా. "మూడో వాషరు దగ్గర మీ చూపు పదకొండు నిమిషాలు ఆగింది. పని తెలిసినవారి చూపు నాలుగు సెకన్లే ఆగుతుంది."

"దాంట్లో చీలిక ఉంది! వేలితో నొక్కి చూస్తే గానీ కనపడదు!"

"చీలిక ఉన్నమాట నిజమే. మీ పద్ధతి మాత్రం ప్రమాణానికి లోబడి లేదు."

కృత్తికకు ఒళ్లు మండిపోయింది. కళ్లద్దాలు ఊడబెరుక్కుని తిన్నగా ఇస్మాయిల్ గదిలోకి వెళ్లింది. ఆయన యంత్రం నేర్చుకున్న పాఠాలన్నీ తెరిచి, చదివేకొద్దీ నీరుగారిపోయాడు.

"గుర్తింపు ఉన్న తనిఖీదార్లవే నలభై వేల గంటల చూపులు దీనికి నేర్పామమ్మా. మంచి చూపంటే అదేననుకుంది."

"వాళ్లు చూస్తే కదా సార్, ఇది నేర్చుకోడానికి!"

"మళ్లీ మొదటి నుంచి నేర్పాలంటే ఆర్నెల్లు పడుతుంది."

"ఆ తొమ్మిదో వాషరు ఆర్నెల్లు ఆగుతుందా?"

ఇస్మాయిల్ తల వంచుకున్నాడు. "ఈ ఒక్కసారికి దాని దారిలోనే వెళ్లమ్మా. గుర్తింపు తీసుకుని గేటు మూయించు."

కృత్తికకు సిగ్గేసింది. అయినా ఇంటికి వెళ్లి సాధన చేసింది. డబ్బాల మూతలు, తలుపు బందులు, ఫ్యాను రెక్కలు. నాలుగు లెక్కపెట్టడం, చూపు తిప్పేయడం. మొదట్లో కళ్లు మొరాయించాయి. వారం తిరిగేసరికి లెక్కపెట్టనక్కర్లేకుండానే కదిలిపోతున్నాయి. పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి.

ఆ పూటే ఆరో గేటు దగ్గరికి పరుగెత్తింది. గుర్తింపు వచ్చాక తనిఖీ చేసినప్పుడల్లా కళ్లద్దాలు ఉండాల్సిందే. వరసగా చూపు నడిపి, తొమ్మిదోదాని దగ్గర నాలుగు సెకన్లలోనే వేలితో నొక్కి, చీలిక రాసి, చివరిదాకా వెళ్లి సంతకం పెట్టింది. గేటు మూతపడింది. మూడు వందల మంది ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్టనీ. బతికి ఉన్నారు కాబట్టే తిడుతున్నారు. ఎన్నాళ్లకో ఆమెకు గుండెల మీది బరువు దిగింది.

మెకానిక్ పోలినాయుడు వచ్చి అరగంటలో కొత్త వాషరు బిగించాడు. చేతులు తుడుచుకుంటూ గేటు చుట్టూ ఒకసారి చూశాడు.

"ఎలాగూ ఇప్పీసేను కదా. పదిహేడోది కొంచెం నల్లబడినట్టుంది. సూసేరా అమ్మా?"

"చూసినట్టేనయ్యా" అంది కృత్తిక.

"మరింకేటి, గుర్తింపున్నోళ్లు మీరు" అంటూ అతను గేటు తెరిచే మీట మీద చెయ్యి వేశాడు.

'చూసినట్టే' అన్న తన మాట అప్పుడు గానీ ఆమె చెవిన పడలేదు. పదిహేడోది ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు.